ఈనె పుల్లకు జావా రుచి

ముక్కనుమ సాయంత్రం. అమలాపురం దరిదాపుల్లో ఓ పల్లె. పెరట్లో కొబ్బరిచెట్ల కింద కుంపటి రాజేసి కూర్చున్నాడు కొత్తల్లుడు. మలేషియాలో ఉద్యోగం. పండక్కి అత్తారింటికొచ్చాడు. గారెలు తిన్నాడు, నాటుకోడి పులుసు తిన్నాడు, పూతరేకులు తిన్నాడు. ఇవాళ మాత్రం వంట తనదేనన్నాడు. కోడిమాంసం ముక్కల్ని కొబ్బరి ఈనెలకు ఒక్కొక్కటిగా గుచ్చుతుంటే బామ్మర్ది కళ్లప్పగించి చూశాడు.

‘అదేంటండీ బావగారూ, కోడిని చీపురుపుల్లలకి గుచ్చేస్తున్నారు?’

‘ఆయ్! చీపురు కాకముందు అది ఈనేగా బామ్మర్దీ!’

తలుపు చాటునుంచి అత్తగారు కిసుక్కున నవ్వారు. పావుగంట తర్వాత పెరడంతా కమ్మటి పొగ. పక్కింటివాళ్లు గోడమీంచి తొంగిచూశారు. పిల్లలు పుల్లలు లాక్కున్నారు. అత్తగారు కూడా ఒక పుల్ల రుచి చూసి ‘కొబ్బరి మనది, కోడి మనది... రుచి మాత్రం మనది కాదేంటర్రా!’ అన్నారు.

ఇది ఊహించుకున్న సన్నివేశమే. కానీ ఇందులో వాడిన సరుకుల్లో ఊహ ఏమీలేదు. ఈనె, కొబ్బరిచిప్ప, కొబ్బరిపాలు, చింతపండు, తాటిబెల్లం, వేరుశనగ గుళ్లు, పసుపు, ధనియాలు... కోనసీమలో ఏ ఊరి సంతకెళ్లినా దొరికేవే. ఇవన్నీ ఒక దగ్గర చేరి, నిప్పులమీద కాలితే అయ్యే వంటకాన్నే ఇండోనేషియా ‘సాతే’ అంటుంది. మలేషియా, సింగపూర్‌ వాళ్లూ దాదాపు అలాగే పిలుస్తారు. అక్కడి వీధివీధినా దొరికే పలహారం అది. మనకు మిరపకాయ బజ్జీ ఎలాగో వాళ్లకు సాతే అలాగన్నమాట.

కావడిలో వచ్చే కమ్మదనం

సాతే అంటే చాలామంది కబాబే కదా అనుకుంటారు. చుట్టరికం ఉన్నమాట నిజమే. పంతొమ్మిదో శతాబ్దంలో జావా దీవిలో ఈ వంటకం బాగా వ్యాప్తిలోకి వచ్చిందనీ, అప్పటికే అక్కడ వ్యాపారం చేస్తున్న అరబ్బులూ భారతీయ ముస్లింలూ తెచ్చిన కబాబులే దానికి ప్రేరణ అనీ ఆహార చరిత్రకారులు చెబుతారు. కాకపోతే కబాబు పెద్దది, సాతే చిన్నది. కబాబుకు ఇనుప చువ్వ కావాలి, సాతేకు వెదురు పుల్లో కొబ్బరి ఈనెో చాలు. కబాబులో రుచంతా ముక్కలోనే ఉంటుంది. సాతేలో సగం రుచి ముక్కది, సగం పక్కనున్న గిన్నెలోని ముద్దది.

ఆ పేరు ఎక్కడిదన్నదానిమీదా కథలున్నాయి. తమిళంలో మాంసాన్ని ‘సదై’ అంటారు కాబట్టి అదే సాతే అయిందని కొందరు అంటారు. చైనీయుల మాటలో ‘మూడు ముక్కలు’ అని అర్థం వస్తుందని మరికొందరు. రెండోది సరదా కథ అనుకోవచ్చు. ఎందుకంటే పుల్లకు మూడే గుచ్చాలన్న నియమం ఎక్కడా లేదు.

ఒకప్పుడు జావాలో సాతే అమ్మేవాళ్లు కావడి భుజాన వేసుకుని తిరిగేవాళ్లు. ఒకవైపు తట్టలో కుంపటి, బొగ్గులు. రెండోవైపు మసాలా పట్టించిన ముక్కలు, అన్నం ముద్దలు. ఎవరైనా పిలిస్తే అక్కడే కావడి దించి, విసనకర్రతో నాలుగు విసురులు విసిరి, వేడివేడిగా కాల్చి ఇచ్చేవాళ్లు. మదురా దీవి నుంచి వచ్చిన వర్తకులు ఈ పనిలో పెట్టింది పేరు. కావడి అంటే కోనసీమ వాళ్లకు చెప్పాలా! అరటిగెలలైనా, కొబ్బరికాయలైనా, పాలబిందెలైనా కావడి మీదే కదా కాలవగట్లు దాటాయి.

ఇండోనేషియా నిండా దీవులే. దీవికో సాతే. మదురా సాతేలో వేరుశనగ ముద్ద ఉంటుంది. సుమత్రాలోని పదాంగ్‌ సాతేలో పసుపు, మిరియాల ఘాటుతో బియ్యప్పిండి కలిపిన చిక్కటి పులుసు పోస్తారు. పశ్చిమ జావా వాళ్ల మరాంగి సాతేలో ధనియాలూ బెల్లమూ ముందే ముక్కకు పట్టేస్తాయి. బాలి దీవిలో చేపనో కోడినో దంచి, కొబ్బరి కోరు కలిపి, నిమ్మగడ్డి కాడకు చుట్టి కాలుస్తారు. దాని పేరు సాతే లిలిత్‌. లిలిత్‌ అంటే చుట్టడం. ఇక మలేషియాలో సాతే తినాలంటే కాజాంగ్‌ అనే ఊరికి వెళ్లాలంటారు. మనం పూతరేకులకు ఆత్రేయపురం వెళ్లినట్టు!

గోదావరి నుంచి జావా దాకా

‘ఎక్కడి జావా, ఎక్కడి రాజోలు’ అనిపించొచ్చు. అంత దూరమేం కాదు. రాజోలు దగ్గర వశిష్ఠ గోదావరి దాటితే పశ్చిమ గోదావరి. అక్కడి పాలకొల్లులో పదిహేడో శతాబ్దంలోనే డచ్చివాళ్లు వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఇవతల ద్రాక్షారామంలోనూ, కాకినాడలోని జగన్నాయకపురంలోనూ వాళ్ల గిడ్డంగులుండేవి. ఆ కంపెనీకి ఆసియాలో రాజధాని ఏదో తెలుసా? బటావియా. అంటే ఇప్పటి జకార్తా!

అసలు వాళ్లకు కావాల్సింది లవంగాలు, జాజికాయ, జాపత్రి. అవి దొరికేది ఇండోనేషియా దీవుల్లో. అక్కడివాళ్లు వాటికి బదులుగా అడిగింది మన తీరం నేతబట్టలు. అందుకే గోదావరి నేతగాళ్లు నేసిన గుడ్డలు ఓడలెక్కి బటావియా చేరేవి. అక్కడినుంచి దీవులన్నిటికీ వెళ్లేవి. అక్కడి సుగంధద్రవ్యాలు ఐరోపా చేరేవి. జావా వంటింట్లో జాజికాయ దంచుతున్న ఇల్లాలి ఒంటిమీద గోదావరి నేత ఉండి ఉండొచ్చన్నమాట. 1824లో ఇంగ్లండ్‌, నెదర్లాండ్స్‌ మధ్య కుదిరిన ఒప్పందంతో ఈ తీరంలోని డచ్చి స్థావరాలు ఆంగ్లేయుల చేతికొచ్చాయి. అక్కడితో ఆ కథ ముగిసింది.

తర్వాతది మనుషుల కథ. గౌతమి ఒడ్డున యానాం దాటాక ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టిన ఊరు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను దాన్ని కోలుకోలేని దెబ్బ తీసింది. అయినా సముద్రం దాటే అలవాటు పోలేదు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు ‘కోరంగీలు’ అనే పిలిచారు. మలయా వెళ్లినవాళ్లకు ‘కెలింగ్‌’ అనే పేరు పడింది. అది కళింగ నుంచి వచ్చిన మాట. మొదట్లో మామూలు మాటే. రానురానూ తిట్టుగా మారింది. ఈరోజు మలేషియాలో భారతీయుల్ని ఎవరైనా ఆ మాటతో పిలిస్తే అవమానంగానే భావిస్తారు.

పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వేలమంది మలయా తోటల్లో కూలికి వెళ్లారు. చాలామంది రబ్బరు తోటలకెళ్తే, పెరాక్‌ రాష్ట్రంలోని బగాన్‌ దతో వైపు వెళ్లినవాళ్లకు దొరికింది కొబ్బరితోటల్లో పని. కొబ్బరాకుల నీడన పుట్టినవాళ్లు మళ్లీ కొబ్బరాకుల నీడకే చేరారు. కానీ ఆ చెట్లు వాళ్లవి కావు. ఎస్టేటు దొరది నేల, కంగాణీది అజమాయిషీ. చాకిరీ మాత్రం వాళ్లది. 1938లో భారత ప్రభుత్వం ఆ తోటలకు కూలీల్ని తరలించడాన్ని నిషేధించింది. అప్పటికే వెళ్లినవాళ్లలో ఎందరో అక్కడే ఉండిపోయారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే. ఇంట్లో పప్పూ పచ్చడీ వండుకుంటూ, బజారుకెళ్తే సాతే తినే తెలుగువాళ్లు అక్కడ మూడు నాలుగు తరాల నుంచీ ఉన్నారు.

ఆ దారి ఇప్పుడు గల్ఫ్‌ వైపు తిరిగింది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం ప్రాంతాల్లో కువైట్‌కో, మస్కట్‌కో, ఖతార్‌కో వెళ్లినవాళ్లు లేని వీధి అరుదు. వాళ్లలో ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎక్కువ. అక్కడి వంటిళ్లలో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌, శ్రీలంక ఆడవాళ్లూ పనిచేస్తుంటారు. తమ ఆడవాళ్లు పడుతున్న బాధలు చూడలేక ఇండోనేషియా 2015లో మధ్య ప్రాచ్య దేశాలకు ఇంటిపనివాళ్లను పంపడం నిషేధించింది. కష్టాలే కాదు, కొన్ని రుచులు కూడా ఆ వంటిళ్లలోనే చేతులు మారాయి. అన్నంతో వేరుశనగ పచ్చడి కలుపుకునే తెలుగామెకు, అదే వేరుశనగతో ముద్ద చేసే జావా ఆమె పరాయిగా అనిపిస్తుందా?

చెట్టంతా పనికొచ్చేదే

సాతేకు కావాల్సినవాటిలో సగం ఒక్క కొబ్బరిచెట్టే ఇస్తుంది. లెక్కేసుకుందాం.

పుల్ల: ఇండోనేషియాలో చాలాచోట్ల సాతేను వెదురు పుల్లలకు బదులు కొబ్బరి ఈనెలకే గుచ్చుతారు. మన పెరట్లో రాలిన ఆకు చాలు. ఆకు చీల్చి, ఈనె తీసి, చాకుతో గీకి, జానెడు ముక్కలుగా కోసుకోవాలి. మొదలు వైపు గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ భాగమే వాడాలి. వాడిన చీపురు విప్పి వాడేరు సుమా! సన్నగా ఉంటే రెండేసి ఈనెలు కలిపి గుచ్చితే ముక్కలు గిర్రున తిరక్కుండా నిలుస్తాయి.

నిప్పు: కొబ్బరిచిప్పల బొగ్గు. చిప్ప గట్టిది కాబట్టి దాని బొగ్గు ఎక్కువసేపు, నిలకడగా మండుతుంది. నిప్పురవ్వలు తక్కువ.

కొవ్వు: ముక్కకు పట్టించడానికి చిక్కటి కొబ్బరిపాలు. ముద్దలోకి పలచటి కొబ్బరిపాలు.

తీపి: జావాలో తాటి, కొబ్బరి జాతి చెట్ల నీరా కాచి చేసిన బెల్లం వాడతారు. మనకు తాటిబెల్లం ఉంది. రంగు, వాసన, ఆ కాస్త కాటు రుచి... చాలా దగ్గరగా ఉంటాయి.

అన్నం కూడా అంతే. సాతేతోపాటు అక్కడ ‘కెతుపాత్‌’ పెడతారు. కొబ్బరాకుతో చిన్న సంచి అల్లి, అందులో బియ్యం పోసి, నీళ్లలో ఉడికిస్తే ముద్దలా అవుతుంది. చాకుతో ముక్కలు కోసి తింటారు. పనసాకు బుట్టల్లో పిండి పోసి పొట్టిక్కలు వండే కోనసీమకు ఆ విద్య కొత్తదేం కాదు. కెతుపాత్‌ అల్లడం రానివాళ్లు వేడి పొట్టిక్కలతోనే సాతే తిని చూడండి. జోడీ బాగా కుదురుతుంది.

ముక్కకు మసాలా

అరకిలో ఎముకల్లేని కోడిమాంసం తీసుకోండి. తొడ మాంసమైతే మేలు. రొమ్ము మాంసం నిప్పు తగలగానే పీచులా ఎండిపోతుంది. ముక్కలు రెండు సెంటీమీటర్లకు మించకూడదు. ముక్క చిన్నదైతేనే బయట మాడకముందే లోపల ఉడుకుతుంది. పుల్లకు నాలుగేసి గుచ్చితే పదిహేను పుల్లల దాకా వస్తాయి.

మసాలాకు చిన్న ఉల్లిపాయలు ఐదు, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, అంగుళం అల్లం, వేయించిన ధనియాలు రెండు చెంచాలు, వేయించిన జీలకర్ర చెంచా, పసుపు అరచెంచా, తాటిబెల్లం పొడి రెండు చెంచాలు, నిమ్మగడ్డి కాడ మొదట్లో తెల్లటి భాగం ఒకటి, సరిపడా ఉప్పు. అన్నీ మెత్తగా నూరి, మూడు చెంచాల చిక్కటి కొబ్బరిపాలు కలిపి ముక్కలకు పట్టించాలి. నిమ్మగడ్డి దొరక్కపోతే నిమ్మకాయ తొక్క మీది పచ్చటి పొర కాస్త తురుముకోండి. సరిగ్గా అదే వాసన రాదు కానీ దారి తప్పదు.

నాలుగు గంటలు నానితే చాలు. ఫ్రిజ్‌లోనే పెట్టాలి. ‘పొద్దున కలిపి బల్లమీద పెట్టేశాం, సాయంత్రం కాల్చుకుందాం’ అంటే కుదరదు. మన ఎండకూ ఉక్కకూ పచ్చిమాంసం రెండు గంటల్లోనే చెడిపోవడం మొదలవుతుంది. నిమ్మరసం పోసి రాత్రంతా నానబెట్టడమూ మంచిది కాదు. పులుపు ఎక్కువసేపు తగిలితే ముక్క పిండిపిండిగా అయిపోతుంది.

మాంసం నానేలోపు ఈనెల్ని అరగంట నీళ్లలో వేసి ఉంచండి. తడి ఉంటే నిప్పుమీద తొందరగా అంటుకోవు. గుచ్చేటప్పుడు ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి గుచ్చాలి. మధ్యలో ఈనె కనిపించిందంటే అక్కడే కాలి విరుగుతుంది.

మంట కాదు, నిప్పు కావాలి

సాతే పాడయ్యేది ఎక్కువగా తొందరపాటు వల్లే. చిప్పలు మండుతుండగానే పుల్లలు పెట్టేస్తారు. పచ్చి చిప్ప మండేటప్పుడు నూనె పొగ వస్తుంది. ఆ పొగ ముక్కకు పట్టి చేదెక్కుతుంది. చిప్పలు బాగా మండి, మంట తగ్గి, ఎర్రటి నిప్పుల మీద బూడిద తెల్లగా పరుచుకునేదాకా ఆగాలి. అరగంట పట్టొచ్చు. అరచేతిని నిప్పులకు జానెడు పైన పెడితే మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు చుర్రుమనాలి. అప్పుడు సరైన వేడి ఉన్నట్టు.

మసాలాలో బెల్లం ఉంది కదా, అది ఇట్టే మాడుతుంది. అందుకే పుల్లల్ని అరనిమిషానికోసారి తిప్పుతూ ఉండాలి. పొడుగాటి జల్లెడ లేకపోతే రెండు ఇటుకల మధ్య నిప్పులు పోసి, పుల్లల కొసలు ఇటుకలమీద ఆనేలా పెట్టినా చాలు. ఈనె చివర నిప్పుకు దూరంగా ఉంటుంది, చేతికి కాలదు. తాటాకు విసనకర్ర పక్కనే ఉంచుకోండి. మంట లేస్తే విసరడం ఆపాలి. నిప్పు మగ్గితే విసరాలి. జావా వర్తకుడికీ మన ఇంటి నాయనమ్మకూ చేతిలో ఉన్న పనిముట్టు ఒకటే!

నిమ్మగడ్డి కాడ చివర దంచితే కుంచెలా అవుతుంది. దాన్ని కొబ్బరినూనెలో ముంచి ముక్కలమీద పూస్తుంటే వాసనా పడుతుంది, ముక్కా ఎండదు. ఎనిమిది పది నిమిషాల్లో కోడి సిద్ధమవుతుంది. అనుమానముంటే పెద్ద ముక్క కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపించకూడదు. కారే నీరు తేటగా ఉండాలి. ఎక్కడైనా బొగ్గులా మాడితే ఆ భాగం గీకి పారేయండి. మాడిన మాంసం రోజూ తినడం ఒంటికి మంచిది కాదు.

ముద్ద కలిపితేనే సాతే

నూటయాభై గ్రాముల వేరుశనగ గుళ్లను సన్నటి సెగమీద దోరగా వేయించి, పొట్టు తీసి, బరకగా దంచుకోవాలి. మెత్తటి పిండి చేస్తే ముద్ద జిగటగా తయారవుతుంది. ఎండుమిర్చి ఆరు, వెల్లుల్లి మూడు రెబ్బలు, చిన్న ఉల్లిపాయలు నాలుగు కలిపి నూరి, రెండు చెంచాల కొబ్బరినూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. గుళ్ల పొడి వేసి, కప్పు పలచటి కొబ్బరిపాలు పోయాలి. ఉసిరికాయంత చింతపండు పులుసు, రెండు చెంచాల తాటిబెల్లం, ఉప్పు కలిపి సన్నటి సెగమీద కలుపుతూ ఉడికించాలి. అంచుల్లో నూనె తేలిందంటే దించేయొచ్చు. గట్టిపడితే వేడినీళ్లు పోసి జారుగా చేసుకోండి.

ఇది మన పల్లీ పచ్చడేగా అంటారా? సగం అవును. మన పచ్చడి తాలింపుతో ముగుస్తుంది. ఇది ఉడకడంతో ముగుస్తుంది. మన పచ్చడిలో కారం ముందు పలకరిస్తుంది. దీన్లో తీపి, పులుపు, కారం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జావావాళ్లు దీనిమీద ‘కెచాప్‌ మానిస్‌’ అనే నల్లటి తియ్యటి సోయా రసం కూడా చిలకరిస్తారు. అది లేకపోతే రెండు చెంచాల సోయా సాస్‌లో రెండు చెంచాల తాటిబెల్లం వేసి పాకం వచ్చేదాకా కాచుకోండి.

ఇందులో వేసే వేరుశనగా మిరపా రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు, స్పెయిన్‌ ఓడలు ఆసియాకు తెచ్చాయి. ఇవాళ అవి లేకుండా జావా వంటా లేదు, ఆంధ్ర వంటా లేదు. పరాయి రుచి అంటూ మూతి ముడిచేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి!

రొయ్యకూ చోటుంది, పనసకూ చోటుంది

రొయ్యల చెరువులున్న నేల కాబట్టి రొయ్య సాతే చేయకపోతే ఎలా? పొట్టు తీసి, నడుంమీది నల్లటి నరం లాగేసి, అదే మసాలా అరగంట పట్టించి, ఒక్కోవైపు రెండు నిమిషాలు కాలిస్తే చాలు. ఎక్కువైతే రబ్బరే. చేపతోనైతే బాలి పద్ధతి మంచిది. వంజరం ముక్కల ముళ్లు తీసి దంచి, గుప్పెడు కొబ్బరి కోరు, కాస్త మసాలా, నిమ్మగడ్డి తురుము కలిపి కాడలకు చుట్టి కాల్చాలి. పులసను మాత్రం పుల్లకు గుచ్చేరు! దాని ముళ్లకూ మన పరువుకూ మట్టి దాకలో పులుసే శ్రేయస్కరం.

మాంసం ముట్టనివాళ్లూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. జావాలో సోయా ముద్దతోనూ, పుట్టగొడుగులతోనూ సాతే చేస్తారు. మనకు పనసకాయ ఉంది. లేత కాయ ముక్కల్ని పసుపు, ఉప్పు వేసి ముప్పాతిక వంతు ఉడికించి, ఆరాక మసాలా పట్టించి కాలిస్తే మాంసం తినేవాళ్లూ ఆ పుల్లకే చెయ్యి చాస్తారు. పన్నీరైనా, కంద ముక్కలైనా ఇదే తీరు.

ఇవి మరిచిపోవద్దు

పచ్చి మాంసం నానిన మసాలాను ముద్దలో కలపొద్దు. పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలోనే కాల్చినవి పెట్టొద్దు. వేరుశనగ పడనివాళ్లుంటారు. కొందరికి ఒక్క గింజతోనే ఊపిరాడని పరిస్థితి రావొచ్చు. బంధువుల పిల్లలకు పెట్టేముందు వాళ్ల అమ్మను ఒకమాట అడగండి. ఈనె కొన పదునుగా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు ముక్కలు ఊడదీసి పెట్టాలి.

కుంపటిని గదిలో పెట్టి తలుపులు మూయకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలాగే తాటాకు ఇళ్ల పక్కనా, ఎండు కొబ్బరాకుల కుప్పల పక్కనా నిప్పు రాజేయొద్దు. గాలి తిరిగితే ఒక్క రవ్వ చాలు. పక్కనే రెండు బిందెల నీళ్లు పెట్టుకోవాలి. తినడం అయ్యాక నిప్పులమీద నీళ్లు చల్లి, చల్లారాయని చూసుకున్నాకే లోపలికి వెళ్లాలి.

చిప్ప విలువ ఎంత?

ప్రపంచంలో కొబ్బరి ఎక్కువగా పండించే దేశాల్లో మొదటి మూడు... ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌, భారతదేశం. ఇండోనేషియావాళ్లు కాయతో ఆగిపోలేదు. చిప్పల్ని బొగ్గు చేసి, పొడి కొట్టి, దిమ్మలుగా అచ్చుపోసి గల్ఫ్‌ దేశాలకూ ఐరోపాకూ ఎగుమతి చేస్తారు. అక్కడ మాంసం కాల్చుకోవడానికీ, హుక్కాలకూ అదే వాడతారు. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న కోనసీమ ఆడపడుచు సేఠ్‌ ఇంటి విందుకు రాజేసే నిప్పు, తన ఊళ్లో పొయ్యిలో పారేసే చిప్పే కావొచ్చు. కాకపోతే దానిమీద ఉండేది ఇండోనేషియా ముద్ర!

కోనసీమ కొబ్బరి రైతు చూసిన కష్టాలు తక్కువేం కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు లక్షల చెట్లు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడ్డానికి ఐదారేళ్లు ఆగాలి. ఆ ఏళ్లన్నీ ఎలా గడిచాయో ఆ తరం వాళ్లను అడిగితే చెబుతారు. చెట్టు నిలబడ్డాక నల్లి వచ్చింది. 2016 తర్వాత తెల్లదోమ వచ్చింది. శంకరగుప్తం డ్రెయిన్‌ వెంబడి సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని చెట్లు మోడువారిపోతున్న సంగతి 2025లో రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఇన్నిటికి ఓర్చి కాయ దించితే, అంబాజీపేట మార్కెట్లో ఆరోజు ధర ఎలా ఉంటే అలా అమ్ముకోవాల్సిందే.

కాయ ధర రైతు చేతిలో లేదు. కానీ చెట్టు కాయ ఒక్కటే ఇవ్వదు కదా! ఈనె ఇస్తుంది, చిప్ప ఇస్తుంది, పీచు ఇస్తుంది, పాలిస్తుంది. సముద్రం అవతల అదే చెట్టు కింద బతుకుతున్నవాళ్లు ఒక వీధి పలహారంలోనే వాటిలో మూడింటికి విలువ కట్టారు. దిండి, అంతర్వేది వైపు వచ్చే పర్యాటకులకు కొబ్బరినీళ్లతోపాటు చిప్పల నిప్పుమీద కాల్చిన రొయ్య సాతే, పక్కన రెండు పొట్టిక్కలు పెడితే... తిని వెళ్లినవాళ్లు మరో నలుగురికి చెప్పరా? ఊళ్లోని స్వయంసహాయక సంఘం ఆడవాళ్లకు అది వారాంతపు ఆదాయం కాదా? పెట్టుబడి అంటారా... ఒక కుంపటి, ఒక రోలు, ఒక విసనకర్ర.

మొదట్లో చూసిన పెరట్లోకి మళ్లీ వెళ్దాం. పుల్లలన్నీ ఖాళీ అయ్యాయి. నిప్పులు బూడిదయ్యాయి. అత్తగారు ఒక్కతే కూర్చుని ఖాళీ ఈనెలన్నీ ఏరి కట్ట కడుతున్నారు.

‘ఇంకా ఎందుకండీ అవి?’ అన్నాడు అల్లుడు.

‘పారేయడానికి చేతులు రావట్లేదు బాబూ! రేపు పొయ్యి రాజేసుకోవడానికైనా పనికొస్తాయి’ అన్నారావిడ.